కన్సల్టింగ్ ఆఫర్‌పై సంతకం పెట్టే ముందు

• సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి మురిసిపోకండి. ఫిక్స్‌డ్ జీతం ఎంతో, పనితీరు బోనస్ ఎంతో విడదీసి రాసుకోండి. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది, రెండో ఏడాది ఉండదు.

• కంపెనీ పెట్టిన గడువులోపు మానేస్తే ఆ జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలా? నేను ఆ లైను చదవకుండానే సంతకం గీకేశాను. మానేస్తానన్న రోజు హెచ్‌ఆర్ మెయిల్ చూస్తే గుండె గుభేలుమంది.

• "తర్వాత దుబాయ్ పంపిస్తాం" అన్న నోటిమాట లెక్కలోకి రాదు. జీతం అక్కడి స్కేలా, ఇక్కడిదేనా? మెయిల్‌లో రాయించుకోండి. అక్కడ జీతంపై ఆదాయపు పన్ను లేదు కానీ, ఏడాది అద్దెకు ముందే చెక్కులు అడుగుతుంటారు.

• అమెరికా ఎల్-1 వీసాకు (సంస్థ తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకు బదిలీ చేసేది) గత 3 ఏళ్లలో కనీసం 1 ఏడాది ఏకధాటిగా అదే సంస్థకు అమెరికా బయట ఉన్న ఆఫీసులో పనిచేసి ఉండాలి. ఆ వీసా మీద వేరే కంపెనీలో చేరడం కుదరదు.