ప్రాక్టీసు ఆపేస్తున్నారా? ఫీజు లేని పనికి ఇలా సిద్ధపడండి

మన గుంటూరులో, బెజవాడలో కోర్టుకి వెళ్లడం తగ్గించేసిన సీనియర్ లాయర్లు చాలామందే ఉన్నారు. "ఇంక డబ్బు కోసం కాదు, నలుగురికి పనికొచ్చేది చేద్దామనుంది, ఎక్కడ మొదలెట్టాలి?" అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది సన్నదు (లాయరుగా నమోదైనట్టు బార్ కౌన్సిల్ ఇచ్చే పత్రం) గురించే. లాయర్ల వెల్ఫేర్ ఫండ్ డబ్బు తీసుకుని బార్ కౌన్సిల్ రోల్స్ నుంచి పేరు తీయించుకుంటే, ఆ తర్వాత ఉచితంగానైనా వకాలతు వేయడం కుదరదు. అడ్వకేట్ల చట్టం 32వ సెక్షన్ కింద కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే ఆ ఒక్క కేసులో మాట్లాడొచ్చు గానీ, దాన్ని నమ్ముకోకండి. కోర్టులో నిలబడి వాదించాలనే కోరిక ఇంకా ఉంటే సన్నదు కొన్నాళ్లు అట్టే పెట్టుకోండి.

సన్నదు ఉన్నవాళ్లకి దగ్గరి దారి న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్, అంటే ఉచిత న్యాయసహాయం కేసులు చూసే లాయర్ల జాబితా. మూడేళ్ల ప్రాక్టీసు ఉంటే చాలు, మీకు అది లెక్కే కాదు. గుంటూరు వాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోనే అడగొచ్చు. బెజవాడలో మండల కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థ మాత్రం మచిలీపట్నంలో. ప్యానెల్ కేసుకి సంస్థే ఎంతో కొంత ఇస్తుంది, పార్టీ దగ్గర మాత్రం రూపాయి కూడా తీసుకోకూడదు. కేంద్ర న్యాయశాఖ 2017లో మొదలుపెట్టిన న్యాయబంధు అనే ఉచిత న్యాయసేవల పథకంలోనూ ఎన్‌రోల్‌మెంట్ వివరాలతో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏ రకం కేసులు తీసుకుంటారో ముందే తేల్చి చెప్పండి. డెబ్బై ఏళ్ల వయసులో సెషన్స్ ట్రయల్ ఒప్పుకుని వాయిదాకో జూనియర్‌ని పంపిస్తే నష్టపోయేది జైల్లో ఉన్న మనిషి.

సన్నదు వదిలేసినవాళ్లకీ పని తక్కువేం లేదు. పారా లీగల్ వాలంటీరుగా (జనానికి న్యాయసహాయం అందేలా దారి చూపేవాళ్లు) చేరొచ్చు, లా కాలేజీల లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో పిల్లల పక్కన కూర్చుని అర్జీ రాయడం నేర్పొచ్చు, 40 గంటల శిక్షణ తీసుకుని మీడియేషన్ (మధ్యవర్తిత్వం) వైపు వెళ్లొచ్చు.

నన్నడిగితే మాత్రం, అందరికన్నా ఎక్కువ అవసరం తల్లిదండ్రుల కేసుల్లో ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద అర్జీ పెట్టేది ఆర్డీవో దగ్గర, ట్రిబ్యునల్‌లో. పెద్దాయన కదల్లేని స్థితిలో ఉంటే ఆయన అధికారమిచ్చిన మనిషి కూడా పెట్టొచ్చు, అంటే సన్నదు లేకపోయినా మీరు ఉపయోగపడతారు. నెలకి 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించే వీలుంది. అసలు చిక్కు ఇల్లు రాసిచ్చేసినప్పుడు వస్తుంది. దాన సెటిల్‌మెంట్ దస్తావేజు తీసి చూస్తే, "మీయందు నాకు గల ప్రేమాభిమానములచేత" అని ఉంటుంది, చూసుకోవాలన్న మాట ఎక్కడా ఉండదు. 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించాలంటే పోషణ షరతు మీద ఇచ్చినట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలంది. అందుకే దస్తావేజు ప్రతి పేజీ, దానితోపాటు అదే రోజు రాసుకున్న కాగితం, నోటు ఏదైనా ఉంటే అదీ అడిగి చూడండి. పాత దస్తావేజుల భాష తెలిసిన కళ్లకే దొరికే సంగతులివి, కుర్ర లాయర్లకి అంత ఓపిక ఉండటం లేదు.

ఎవరి కేసు విన్నా రెండు పద్ధతులు పాటించండి. ఒరిజినల్ కాగితాలు మీ ఇంట్లో పెట్టుకోవద్దు, జిరాక్స్ చాలు. మనిషి లేచి వెళ్లేముందు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి: ఏ ఆఫీసుకి వెళ్లాలి, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, గడువు ఏ తారీకు. మీరు నోటితో చెప్పింది గేటు దాటేసరికి సగం మర్చిపోతారు, కొడుకు ఫోన్ చేసి బెదిరిస్తే మిగతా సగం కూడా. వచ్చిన మనిషికి అవతలి పార్టీగా ఉన్నవాళ్లు ఒకప్పుడు మీ క్లయింటే అని తెలిస్తే, వివరాలు వినకముందే ఆపి ఇంకొకరి దగ్గరికి పంపండి.

ఆడవాళ్లు ఎవరొచ్చినా ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆదాయంతో సంబంధం లేకుండా వాళ్లకి ఉచిత న్యాయసహాయం హక్కు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ అలాగే చెబుతుంది. పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి కూడా. ఫోన్ నంబరు 15100. పుస్తెలు కుదువ పెట్టి మరీ లాయర్ ఫీజు కట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పకే కదా!

దేంట్లో చేరాలో తేల్చుకోలేకపోతే ఒక జాతీయ లోక్ అదాలత్‌కి వెళ్లి బెంచీల దగ్గర కూర్చుని చూడండి, ఏడాదిలో నాలుగైనా జరుగుతాయి, ఎక్కువగా రెండో శనివారాల్లో. అక్కడ రాజీ మీద సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. ఆ సంగతి పార్టీకి అర్థమయ్యేలా ఎవరైనా చెబుతున్నారా లేదా గమనించండి. చెప్పేవాళ్లు లేని బెంచి కనిపిస్తే వచ్చేసారి అక్కడే సభ్యుడిగా కూర్చుంటానని సంస్థ కార్యదర్శికి అర్జీ ఇచ్చి రండి.