గోట్స్ పేరు ఇంగ్లీషులో రాయడం ఎలా?

ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే నాకు పాతకాలపు జర్మన్ యోధుడు గోట్స్ ఫొన్ బెర్లిషింగెన్ (Götz von Berlichingen) పేరు తరచూ తగిలే తలనొప్పి. గోట్స్ అంటే గొట్‌ఫ్రీడ్‌కు ముద్దుపేరు. ‘ఫొన్’ తర్వాత వచ్చేది ఊరిపేరు, మన ఇంటిపేర్లలాగే. ఆ ఊరు యాగ్స్ట్ నది ఒడ్డున ఉంది. వాక్యం మధ్యలో ‘ఫొన్’ (von)లోని ‘వి’ని చిన్నబడి అక్షరంగానే ఉంచండి. కీబోర్డులో రెండు చుక్కల ‘ఓ’ (ö) లేకపోతే ‘ఓ’ పక్కన ‘ఇ’ చేర్చండి (Goetz), చుక్కలు మాత్రం ఊరికే ఎగరగొట్టకండి. ఇండెక్సులో ‘బి’ కింద వేయండి.

1504లో లాండ్స్‌హుట్ దగ్గర యుద్ధంలో గోట్స్ ఫిరంగి దెబ్బకు కుడిచెయ్యి పోయి, ఇనుప చెయ్యి పెట్టించుకున్నాడు. అందుకే ‘ఆఫ్ ది ఐరన్ హ్యాండ్’ అని కూడా రాస్తారు.

జర్మన్లతో మాత్రం జాగ్రత్త! జర్మన్ కవి గేథే 1773 నాటకంలో గోట్స్ నోట పలికించిన బూతు పుణ్యమా అని, అక్కడ ఈయన పేరెత్తితే ఓ బూతుమాట మర్యాదగా అన్నట్టే.