నోట్లో చెరువు – 3వ పాఠం: ఉమ్మిని కొలవడం

పోయిన పాఠంలో పళ్ళ మీద పాచి ఎక్కడెక్కడ పేరుకుంటుందో అద్దంలో చూసుకున్నాం. ఈసారి ఉమ్మిని కొలుద్దాం. నవ్వకండి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువున్న ఏ రైతునైనా నిద్రలేపి అడగండి, తెల్లవారుజామున నీళ్ళ పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, 7 కన్నా దిగేకొద్దీ ఆమ్లం ఎక్కువ) ఎంతో, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఎంతో చెప్పేస్తాడు. మీ నోట్లో ఎంతండీ అంటే తెల్లమొహం వేస్తాడు. నేనూ అంతే, దవడ పన్ను పుచ్చిపోయి పీకించుకునేదాకా.

సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి, చిన్న గ్లాసు, 5 నుంచి 8 దాకా చూపించే పీహెచ్ కాగితం, గడియారం దగ్గర పెట్టుకోండి.

తిని, తాగి గంట దాటాక కూర్చుని తల కాస్త వంచండి. నమలొద్దు, మింగొద్దు. ఊరింది ఊరినట్టు 5 నిమిషాలు గ్లాసులోకి జారనివ్వండి. మధ్యలో కొత్తావకాయ గుర్తొచ్చిందా, లెక్క పోయినట్టే, మళ్ళీ మొదలు. నురుగు వదిలేసి మిగతాది సిరంజిలోకి లాగండి. ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్లుంటే మామూలే. అర కూడా లేకపోతే నోరు ఎండుతోందని. బీపీకీ, అలర్జీకీ వాడే మందుల్లో కొన్ని ఇలా చేస్తాయి. మందు మీరే ఆపేయకుండా, రాసిచ్చిన డాక్టరు గారికి ఈ అంకె చెప్పండి.

అదే ఉమ్మిలో కాగితం ముంచండి. సాధారణంగా 6.5కీ 7.5కీ మధ్య ఉంటుంది.

అది చూసి సంబరపడితే మాత్రం పొరపాటే. చెరువులో పైనీళ్ళు ముంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, అడుగున నల్లమట్టి కంపు కొడుతుంటుంది. మన నోట్లో ఆ అడుగుమట్టి పాచి. 1940ల్లో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికా పరిశోధకుడు ఉమ్మిని వదిలేసి పాచిలోనే పీహెచ్ కొలిచాడు. తీపినీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే అది జారిపోయింది, మళ్ళీ పైకి రావడానికి అరగంట, గంట పట్టింది. 5.5 దగ్గరికి దిగితే పంటి పైపొర ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. పుచ్చుపళ్ళు లేనివాళ్ళలో అది అంత లోతుకి దిగలేదు.

ఎందుకంటే, ఒకటి ఉమ్మిలోని బైకార్బొనేట్. ఆల్కలినిటీ తగ్గితే చెరువులో సోడా చల్లుతారే, ఆ సరుకే. రెండోది, పాచిలో ఎవరు కాపురం ఉంటున్నారన్నది. 1924లో ఇంగ్లండ్‌లో క్లార్క్ అనే ఆయన పుచ్చుపళ్ళలోంచి తీసి పేరు పెట్టిన స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా పంచదారని ఆమ్లంగా మార్చడమే కాదు, దానితోనే జిగురు కూడా చేసుకుని పంటిని పట్టుకుంటుంది. దాని పక్కనే ఉండే స్ట్రెప్టోకోకస్ సాంగ్వినిస్ లాంటివి ఉమ్మిలో దొరికే ప్రోటీన్ ముక్క అయిన ఆర్జినైన్‌ని విరగ్గొట్టి అమోనియా వదులుతాయి. చెరువులో అమోనియా అంటే రైతుకి గుండె దడ. నోట్లో అదే అమోనియా ఆమ్లాన్ని విరిచేస్తుంది. అందుకే ఘాటు మౌత్‌వాష్‌తో అన్నిటినీ చంపేద్దామన్న ఆలోచన నాకు నచ్చదు. మంచి రొయ్యపిల్లల సీడ్‌ని కూడా కడిగేసినట్టు అవుతుంది.

ఇక అసలు అభ్యాసం. పాచిలో పీహెచ్ ఇంట్లో కొలవలేం, కానీ టైము కొలవగలం. పొడుగాటి కాగితం మీద పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అరగంటకో గడి గీయండి. తీపిదేదైనా నోట్లో పడ్డప్పుడల్లా, అది చిటికెడైనా సరే, ఆ గడినీ తర్వాతి గడినీ ఎర్రగా నింపండి. పంచదార వేసిన టీ కూడా లెక్కే.

నా కాగితం చెప్తాను. ఆ రోజు ఆత్రేయపురం నుంచి ఎవరో పూతరేకుల పెట్టె తెచ్చారు. మధ్యాహ్నం భోజనంతో రెండు తిన్నాను, రెండే గడులు ఎర్రబడ్డాయి. సాయంత్రం ఒక్కటంటే ఒక్కటే తీసుకుని, అటు వెళ్ళినప్పుడో ముక్క, ఇటు వచ్చినప్పుడో ముక్క తుంపుకున్నాను, మధ్యలో రెండు టీలు. 4 నుంచి 8 దాకా ఒక్క తెల్లగడి లేదు. తిన్నది సగమే.

మూడు రోజులు గీసి, పక్కనే ఉమ్మి అంకె రాసి దాచండి. రాత్రి చివరి ఎర్రగడి ఎన్నింటికో ప్రత్యేకంగా చుట్టండి. నిద్రలో ఉమ్మి దాదాపు ఆగిపోతుంది కాబట్టి, పేస్టులో ఫ్లోరైడ్ గురించి మాట్లాడే 4వ పాఠం అక్కడే మొదలుపెడతాం.