పెళ్లి షూటింగ్‌లో డ్రోన్ గాల్లో కుదురుగా ఉండాలంటే ఏం చేయాలి?

ముందు రెక్కలు చూసుకోండి. అంచు కొంచెం చిట్లినా మార్చేయాలి, అతికించడాలు వద్దు. రెండు సవ్యంగా, రెండు అపసవ్యంగా తిరుగుతాయి కాబట్టి గుర్తులు చూసి బిగించండి. మే నెలలో బ్యాటరీలు కారులో వదిలేయకండి. చాలా డ్రోన్లకు కంపెనీ చెప్పే హద్దు 40 డిగ్రీలే, వరంగల్ ఎండకు అదో లెక్క కాదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉన్నా 400 అడుగులు దాటొద్దు. 250 గ్రాములు మించిన డ్రోన్‌తో డబ్బు తీసుకొని షూట్ చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాల్సిందే.

ఇక అసలు సంగతి: ఎక్కడి నుంచి లేపుతున్నారు?

హనుమకొండలో ఏ ఫంక్షన్ హాల్‌కు పోయినా ఇదే వరస. కుర్రాడు డాబా ఎక్కి స్లాబు మీద డ్రోన్ పెడతాడు. లేదంటే కారు బానెట్ మీద. స్లాబు నిండా ఇనుప సలాకలు, పక్కనే జనరేటర్, అయస్కాంతాలున్న డీజే బాక్సులు. యాప్ ‘కంపాస్ క్యాలిబ్రేట్ చేయండి’, అంటే దిక్సూచి లెక్క సరిచేయండి, అనగానే అక్కడే నిలబడి చేసేస్తాడు. అంటే ఆ ఇనుము లాగుడునే సరైన లెక్కగా డ్రోన్‌కు నేర్పినట్టు!

జీపీఎస్ డ్రోన్ ఎక్కడుందో చెబుతుంది. ముఖం ఎటుందో చెప్పేది కంపాస్. గాలి తూర్పుకు తోస్తే డ్రోన్ పడమరకు సర్దుకోవాలి. కంపాస్ తప్పితే పడమర అనుకొని ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. ఆ తప్పును దిద్దబోయి ఇంకో తప్పు. అలా గానుగెద్దులా తిరగడం మొదలుపెడుతుంది, చుట్టు చుట్టుకూ వెడల్పు పెరుగుతుంది.

అందుకే యాప్ అడగ్గానే క్యాలిబ్రేట్ చేయకండి. ముందు డ్రోన్‌ను కిందికి తెచ్చి మట్టి నేల మీద పెట్టండి. చాలాసార్లు ఆ హెచ్చరిక దానంతటదే పోతుంది. పోకపోతే ఫోన్, తాళాలు పక్కన పెట్టి అప్పుడు చేయండి. ఎగరేసిన ప్రతిసారీ క్యాలిబ్రేట్ చేయాలని వీడియోల్లో చెబుతుంటారు. అక్కర్లేదు. బాగున్నదాన్ని చెడగొట్టుకోవడమే అది.

ఆటో టేకాఫ్ బటన్ జోలికి పోవద్దు, స్టిక్‌తోనే లేపాలి. తల ఎత్తున అరనిమిషం నిలబెట్టి చేతులు తీసేయండి. హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదైందా చూడండి. పక్కకు జారుతుంటే మారు ఆలోచన వద్దు, దించేయండి. పెళ్లివాళ్లు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

పైకి పోయాక తిరగడం మొదలైతే టెన్షన్‌లో రిటర్న్ టు హోమ్ (దానంతటదే వెనక్కి వచ్చే బటన్) నొక్కుతారు. నొక్కొద్దు. అది దారి వెతుక్కునేదీ ఆ తప్పు కంపాస్‌తోనే. ఆటీ మోడ్ (జీపీఎస్‌తో చోటు పట్టుకోకుండా పూర్తిగా మీ స్టిక్ మీదే నడిచే పద్ధతి) ఉంటే అందులోకి మారండి. లేకపోతే స్టిక్‌లను కొద్దికొద్దిగా కదుపుతూ జనం లేనివైపు దించండి.

డ్రోన్ దానంతటదే వెనక్కి వచ్చేటప్పుడు ఎగిరే రిటర్న్ ఎత్తు దగ్గర్లోని సెల్ టవర్ కంటే పైన ఉండాలి. సన్నని కరెంటు తీగలు సెన్సర్లకు ఆనవు, వాటిని మీ కళ్లతోనే చూసుకోవాలి. ముందు ఎదురుగాలికి పంపండి, తిరుగు ప్రయాణానికి బ్యాటరీ మిగులుతుంది. 30 శాతానికి వెనక్కి. పాకాల చెరువు లాంటి చోట నీళ్లకు దగ్గరగా దించకండి, అలల మీద కింది సెన్సర్లు తికమక పడతాయి. బరాత్ నెత్తి మీద మాత్రం వద్దే వద్దు, పక్క నుంచి తీయండి. ఊరేగింపు పక్క నుంచే బాగా కనిపిస్తుంది కూడా.