కూరగాయల పులావు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిదిద్దాలి

కుక్కరులో వండిన కూరగాయల పులావు సరిగా కుదరకపోతే చాలామంది ముందు మసాలాను అనుమానిస్తారు గానీ, దోషం ఎక్కువసార్లు ఎసరులోనే ఉంటుంది. గ్లాసుతో కొలిచి పోసిన నీళ్లే ఎసరు అనుకోవడం వల్ల లెక్క తప్పుతుంది. నానిన బియ్యం, టమాటాలు, పెరుగు, కడిగి నీరు విదల్చకుండా వేసిన పుదీనా, ఇవన్నీ గిన్నెలోకి నీటిని మోసుకొస్తాయి.

మెతుకు చిమిడి ముద్దయినప్పుడు

మొదట చూడవలసింది బియ్యం ఏ రకమో, ఎంత పాతవో. బీపీటీ 5204 అనే పేరుతోనూ మనకు తెలిసిన బాపట్ల సాంబ మసూరి పాతబడినవైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు తాగుతాయి. అవే కొత్త బియ్యమైతే గ్లాసున్నర దాటగానే చిమడడం మొదలుపెడతాయి. అరగంట నానిన బాస్మతి తన బరువులో సుమారు పావు వంతు నీటిని ముందే పీల్చుకొని ఉంటుంది కనుక, కుక్కరులో దానికి గ్లాసుకు గ్లాసున్నర చాలు. ఆ గ్లాసున్నరలోనూ టమాటాల రసానికి, పెరుగుకు తగ్గట్టు కొంత తగ్గించుకోవాలి. అరకప్పు పెరుగు వేసి, ఎసరు మాత్రం యథాతథంగా పోస్తే పులావు పొడిపొడిగా రాదు.

రెండో కారణం పిండి. సరిగా కడగని బియ్యం మీది పొడి, విరిగిన నూకలు ఎసట్లో కలిసి జిగురవుతాయి. అందుకే కడిగిన నీళ్లు దాదాపు తేటపడే వరకు బియ్యాన్ని కడిగి, నానిన తర్వాత జల్లెడలో వేసి నీరు పూర్తిగా ఓడనిచ్చి, అప్పుడు నేతిలో ఒకటి రెండు నిమిషాలు తేలికగా వేయించాలి. నానిన గింజ పెళుసుగా ఉంటుంది కాబట్టి గరిటెతో గట్టిగా కలిపితే విరిగి, మళ్లీ నూకల సమస్యే ఎదురవుతుంది.

మూత తీసేసరికి తడి ఎక్కువగా కనిపిస్తే కలపకుండా వెడల్పాటి పళ్లెంలోకి జార్చి ఆరనివ్వాలి. వేడి మెతుకు మెత్తగా ఉంటుంది, చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. అప్పటికే ముద్దయిపోయినదాన్ని విడదీసే ఉపాయం లేదు. ఉడికిన కందిపప్పు, కాస్త చింతపండు పులుసు, సాంబారు పొడి చేర్చి మరికాసేపు ఉడికించి, పులావు అనే పేరును వదులుకోవడమే మర్యాద.

పైన పలుకు, అడుగున మాడు

ఈ రెండూ కలిసి కనిపిస్తే కుక్కరు రబ్బరును పరీక్షించాలి. రబ్బరు సాగిపోయినా, పగుళ్లిచ్చినా విజిల్ రాకముందే ఆవిరి మూత అంచుల నుంచి పోతుంది. ఎసరు తరిగి పై మెతుకు పలుకుగా మిగులుతుంది, అడుగు మాడుతుంది. రబ్బరు బాగానే ఉంటే, వేయించిన అల్లం వెల్లుల్లి ముద్ద అడుగున అంటుకొని ఉండవచ్చు. ఎసరు పోసిన వెంటనే అట్లకాడతో అడుగును గీకి, ఆ ముద్దంతా నీటిలో కలిసిన తర్వాతనే మూత పెట్టాలి. విజిల్‌ను గరిటెతో ఎత్తి ఆవిరిని వదిలేయడం కూడా పలుకుకు ఒక కారణం, పైగా ప్రమాదకరం. ఒత్తిడి తనంతట తాను తగ్గే ఆ పది నిమిషాల్లోనే మిగిలిన ఉడుకు పూర్తవుతుంది.

పలుకుగా ఉన్న పులావు మీద పావు కప్పు మరిగే నీళ్లు చిలకరించి, కుక్కరును పెనం మీద పెట్టి, మూత వేసి సన్నటి సెగన ఐదారు నిమిషాలు ఉంచితే సర్దుకుంటుంది. మాడు వాసన వస్తే మాత్రం కలపకూడదు. పై భాగాన్ని వేరే గిన్నెలోకి తీసుకొని, అడుగును అలాగే వదిలేయాలి.

కూరగాయలు కరిగిపోవడం, లేదా ఉడకకపోవడం

కాలీఫ్లవరు, క్యాప్సికం కుక్కరు వేడికి నిలవవు. పెద్ద ముక్కలుగా కోసి, విడిగా నూనెలో వేయించి చివర కలపడం మంచిది. బంగాళాదుంప గట్టిగా మిగిలిందంటే పులుపును అనుమానించాలి. టమాటా, పెరుగు వంటి పుల్లని పదార్థాలు కూరగాయల కణజాలాన్ని త్వరగా మెత్తబడనివ్వవు. దుంప, క్యారెట్ ముక్కలను ముందుగా నూనెలో సగం మగ్గించి, టమాటాను ఆ తర్వాత చేర్చితే ఈ చిక్కు ఉండదు. ఎండు బఠాణీలనైతే ముందు రాత్రే నానబెట్టాలి.

చప్పదనం, చేదు

బియ్యం వేశాక, మూత పెట్టేముందు ఎసరును రుచి చూస్తే నాలుకకు కాస్త ఉప్పగా తగలాలి. సరిగ్గా ఉందనిపిస్తే అన్నం చప్పబడుతుంది. పైన చల్లిన ఉప్పు మెతుకు లోపలికి దిగదు కాబట్టి, అలాంటప్పుడు ఉప్పు కొంచెం ఎక్కువ వేసిన పెరుగు పచ్చడితో వడ్డించాలి. చేదు వచ్చిందంటే ఉల్లిపాయలో, వెల్లుల్లో నల్లబడేదాకా వేగాయని, లేదా లవంగాలు, అనాసపువ్వు, జాపత్రి మోతాదు మించాయని అర్థం. రెండు గ్లాసుల బియ్యానికి నాలుగు లవంగాలు, అనాసపువ్వులో రెండు మూడు రేకులు సరిపోతాయి. చేదెక్కిన పులావు మీద నిమ్మరసం పిండితే చేదు పోదు సరికదా, దానికి పులుపు తోడవుతుంది. కనిపించిన దినుసులను ఏరివేసి, కాస్త నెయ్యి, వేయించిన జీడిపప్పు కలిపితే కొంతవరకు తినగలిగేలా ఉంటుంది.