వరద రోజుల్లో టీవీ చూసే పద్ధతి

మాది పి.గన్నవరం వైపు లంక, అంటే గోదారి పాయల మధ్య దీవి. అరటి వేస్తాను. ఏటా గోదాట్లోకి ఎర్రనీరు, అదే వరద నీరు, రాగానే కూకట్‌పల్లి నుంచి మా మరదలు ఫోను. "బావా, మీ వైపంతా మునిగిపోయిందంట కదా!" అప్పుడు నేను అరుగు మీద కూచుని టీ తాగుతుంటాను. ఆవిడ టీవీలో చూసింది కనకాయలంక కాజ్‌వే. ఎత్తు తక్కువ కాజ్‌వే, మామూలు వరదకే మునుగుతుంది. మాకది కొత్త కాదు, టీవీకి మాత్రం ఏటా కొత్తేనండి.

ఆవిడకి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సౌండు తీసెయ్యండి. నవ్వకండి, సగం దడ ఆ వాయింపుడు వల్లే. సౌండు లేకుండా చూస్తే అదే పాక, అదే దూడ మళ్లీ మళ్లీ రావడం కనబడుతుంది. బయట చీకటి పడినా తెర మీద ఎండ కాస్తుంటే అది పొద్దుటి బొమ్మ.

తరవాత కింద పరిగెత్తే అక్షరాల్లో అంకె వెతకండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీటి లెక్కలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. "15 లక్షలు" అని అరుస్తారుగానీ నీరు ఎక్కుతోందో తీస్తోందో (తగ్గుతోందో) చెప్పరు. మాకు కావలసింది అదే. గంట తేడాతో రెండుసార్లు రాసుకుంటే మీకే తెలుస్తుంది. ఎగువనున్న భద్రాచలం కూడా చూడండి, అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ఆ నీరు మా దాకా రావడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. అందుకని "శాంతించిన గోదారి" అని తెర మీద పడగానే గొడ్లని లంకలోకి తోలెయ్యకండి. అక్కడ తగ్గుతున్నా ఇక్కడ ఇంకా ఎక్కుతుంటుంది.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. ఒక ఏడాది రాత్రంతా టీవీ ముందు కూచుని, ఇంకో ఇరవై రోజులు ఆగాల్సిన గెలలు తెల్లారేసరికి కొట్టించి రావులపాలెం తోలాను. లంక రైతులంతా అదే టీవీ చూశారు కదా, మార్కెట్ నిండా పచ్చి గెలలే! వ్యాపారులడిగిన ధరకి ఇచ్చేసి వచ్చాను. నీరేమో తోట అంచు దాకా వచ్చి తీసేసింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది. అంకెలు రాసే పుస్తకం అప్పుడు కొన్నదే.

అలాగని టీవీ కట్టెయ్యమనను. ప్రమాదం నిజమయ్యే రోజులూ ఉంటాయి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి, అంత గాలి వస్తుందని మా వీధిలో ఎవరూ అనుకోలేదు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలమట్టం. వెయ్యిమందికి పైగా పోయారు. 2022 జులైలో టీవీ అరుపు నిజమే. భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. కానీ మా పెదనాన్న కదల్లేదు. "ఏటా ఇలాగే అరుస్తారురా" అన్నాడు. పుస్తకం ముందు పెట్టి, 17.75 ఎప్పుడో దాటిందని చూపిస్తేగానీ పడవెక్కలేదు.

ఇక సాయం చేద్దామనుకునేవాళ్లకి. కెమెరా కారు వెళ్లేంత దూరమే వెళ్తుంది, ఏటిగట్టు మీద నిలబడి మాట్లాడుతుంది. టీవీలో కనబడని లంక క్షేమంగా ఉందనుకోకండి. నీరు తీయగానే టీవీవాళ్లు వెళ్లిపోతారు, మాకు అసలు పని అప్పుడే మొదలు. అరటి మొదళ్లు కుళ్లుతాయి, గడ్డిమేట్లు తడిసి బూజు పడతాయి. కాబట్టి వరద రోజు ఏడ్చి ఫోను చెయ్యడం కంటే, నాలుగు రోజులాగి చెయ్యండి. పాత చీరల మూటలొద్దు, ఎండుగడ్డి పంపండి. లారీ గట్టు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి దాటించడానికి పడవ కూలీ కూడా లెక్క వేసుకోండి.