పెద్దవాళ్లకు సమీకరణం రాయడం నేర్పించడం ఎలా?

"మూడు కిలోల టమాటాలు, నలభై రూపాయల కొబ్బరికాయ ఒకటి. అన్నీ కలిపి నూట ముప్పై అయింది. కిలో టమాటా ఎంత పడింది?" అని అడిగి చూడండి. రోజూ కూరగాయల బండి దగ్గర బేరమాడే మనిషి మీ ప్రశ్న పూర్తయ్యేలోపే "ముప్పై" అనేస్తుంది. ఇదే లెక్కకి సమీకరణం రాయమనండి. పెన్సిల్ కదలదు, మొహంలో టెన్షన్ కనిపిస్తుంది.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసే పెద్దవాళ్లకి నేను కొన్నేళ్లుగా సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను. మిషను కుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పొదుపు సంఘం పుస్తకాలు రాసేవాళ్లు వస్తారు. వీళ్లందరికీ లెక్క వచ్చు. నోటితో చేసే లెక్కని కాగితం మీద పెట్టడం మాత్రం ఎవరూ సరిగ్గా నేర్పలేదు. చాలాచోట్ల మొదటి రోజే బోర్డు మీద "ఎక్స్ అనుకొనుము" అని రాస్తారు. ఎందుకు అనుకోవాలో, ఏమని అనుకోవాలో చెప్పరు. అక్కడే సగంమంది లెక్కలు తమవల్ల కావని తేల్చేసుకుంటారు. నలభై ఏళ్ల మనిషి ధైర్యం చేసి మళ్లీ పుస్తకం పట్టుకుంటే ఆ ధైర్యాన్ని ఒక్క గంటలో పోగొట్టడం చాలా అన్యాయం.

ఏమేం కావాలి

గీతల నోటు పుస్తకం, పెన్సిల్. రబ్బరు వద్దు. తప్పు చెరిపేస్తే అది ఎక్కడ మొదలైందో మీకు కనిపించదు. తప్పు మీద ఒక్క గీత కొట్టించి పక్కన మళ్లీ రాయించండి. వాళ్ల ఇళ్ల నుంచే కిరాణా చీటీలు, వడ్డీ లెక్క రాసుకున్న కాగితాలు తెప్పించండి. ఫోన్లు సంచిలోనే ఉండాలి. కాలిక్యులేటర్ ఎందుకు వద్దంటున్నానో మూడో మెట్టులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: నోటితో చెప్పించండి

సమస్యని పుస్తకంలోంచి చదివించకండి. వాళ్ల మాటల్లో చెప్పించండి. ఏం తెలుసు, ఏం తెలియదు, చివరికి ఏది ఎంతకి సరిపోవాలి. ఈ మూడూ వస్తే చాలు, ముందుకెళ్లండి.

తండ్రి వయసు, కొడుకు వయసు లెక్కలు మాత్రం ముట్టుకోకండి. కొడుకు వయసు తెలియని తండ్రి ఎక్కడా ఉండడు. ఆ లెక్క ఎందుకు చేస్తున్నారో పెద్దవాళ్లకి అర్థం కాదు, కాకపోవడమే సరైనది కూడా.

రెండో మెట్టు: తెలియనిదానికి పేరు పెట్టండి

నేను "య" వాడతాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని "యావత్తావత్" అన్నాడు. ఎంతైతే అంత అని అర్థం. దాన్నే క్లుప్తంగా "యా" అని రాసేవారు. రెండో తెలియని రాశి ఉంటే "కాలక", మూడోదానికి "నీలక" అని రంగుల పేర్లు పెట్టేవారు. ఇది చెప్పగానే క్లాసులో మొహాలు తేటపడతాయి. ఇంగ్లీషు అక్షరం వస్తేనే అది పెద్ద లెక్క అనే భయం వాళ్ల మనసులో ఎక్కడో ఉంటుంది. అది ముందు పోవాలి.

అక్షరం ఏదైనా, దాని పక్కన పూర్తి వాక్యం రాయించండి. "య = టమాటా" అని కాదు. "య = కిలో టమాటా ధర, రూపాయల్లో" అని. అక్షరం వస్తువుకి పేరు కాదు, ఒక సంఖ్యకి పేరు. అందుకే వస్తువు మొదటి అక్షరాన్ని నేను వాడనివ్వను. టమాటాకి "ట" పెడితే అది ధరని మరిచి మళ్లీ టమాటా అయిపోతుంది.

మూడో మెట్టు: ఒక అంకె ఊహించి, సరిచూసే తీరుని రాయించండి

ఇక్కడ నిదానించండి. మిగతా మెట్లన్నీ ఒక సాయంత్రంలో అయిపోతాయి, దీనికి వారం పట్టినా పట్టనివ్వండి.

మాటల్ని గుర్తులుగా మార్చడం నేర్పకండి. "మొత్తం అంటే కూడిక, మిగిలింది అంటే తీసివేత" అని పట్టిక రాసిచ్చే గైడ్లు నేను చూశాను. "350 ఖర్చు పెట్టాక ఇంకా 150 మిగిలింది. మొదట ఎంత ఉంది?" అన్న లెక్కలో ఆ పట్టిక ఏం చేయమంటుంది? "మిగిలింది" ఉంది కాబట్టి 350 లోంచి 150 తీసేయమంటుంది. జవాబు 200 వస్తుంది. 350 ఖర్చు పెట్టిన మనిషి దగ్గర మొదట 200 ఉండడం ఎలా సాధ్యం?

నేను చేయించేది ఇది. జవాబు తెలియదు కదా, ఏదో ఒక అంకె అనుకోమంటాను. అది సరిపోతుందో లేదో చూడమంటాను. అలా చూసిన తీరుని కాగితం మీద పెట్టి, అనుకున్న అంకె ఉన్న చోట "య" రాయమంటాను. అదే సమీకరణం. ఒక అంకె అనుకుని లెక్క మొదలుపెట్టడం కొత్త సంగతేం కాదు, భాస్కరుడి లెక్కల పుస్తకం లీలావతిలో ఇష్టకర్మ అని ఉన్నదానికి ఇది దగ్గరి చుట్టమే.

టమాటాల లెక్క క్లాసులో ఎలా నడుస్తుందో చూడండి.

"కిలో ఇరవై అనుకుందాం అక్కా. సరిపోతుందా?"

"చాలదు మేడమ్. వందే అవుతుంది."

"వంద ఎలా వచ్చింది?"

"అరవై, నలభై. వంద."

"అరవై ఎక్కడిది?"

"మూడు ఇరవైలు."

"మూడు ఇరవైలు అనే రాయండి. అరవై రాయొద్దు."

అసలు కష్టం ఈ చివరి మాటలోనే ఉంది. వాళ్ల మెదడు చాలా చురుకు. 3 × 20 కళ్లముందుకి రాకముందే 60 అయిపోతుంది. 60 అయ్యాక అందులో 20 ఎక్కడుందో వెతుక్కోలేం, దాని చోట "య" పెట్టలేం. అందుకే మా క్లాసులో ఒక మాట పదేపదే అంటాను: లెక్క మూయకండి. పొయ్యి మీద గిన్నెకి మూత పెట్టకుండా ఉడకనిస్తే లోపల ఏముందో కనిపిస్తుంది కదా, అలా. ఫోను సంచిలో ఉండాలన్నది కూడా ఇందుకే. కాలిక్యులేటర్ ప్రతి మీటకీ లెక్కని మూసేస్తుంది.

నోటు పుస్తకంలో వరస ఇలా ఉండాలి:

3 × 20 + 40 — ఇది 130 కావాలి, కాలేదు.
3 × 25 + 40 — ఇదీ కాలేదు.
3 × య + 40 = 130

మొదటి రెండు వరసలు లేకుండా మూడోది రాయనివ్వకండి. తెలివైనవాళ్లు నేరుగా మూడోదానికి దూకుతామంటారు. కనీసం పది లెక్కలదాకా ఒప్పుకోకండి.

ఈ మెట్టు దగ్గర జనం జారిపడే చోట్లు నాలుగున్నాయి.

మొదటిది, ఊహించిన అంకె లెక్కలో అప్పటికే ఉండటం. ఒకామె తెచ్చిన లెక్క ఇది: నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన డబ్బు పది నెలలకి వడ్డీతో కలిపి 24,000 వచ్చింది, అసలు ఎంత? ఆమె తేలికని 100 అనుకుంది. 100 + (100 ÷ 100) × 2 × 10 అని రాసింది. బాగానే రాసింది. కానీ ఇప్పుడు "య" ఏ వందకి పెట్టాలి? 100 మూడుచోట్ల ఉంది. రెండుచోట్ల ఉన్నది ఆమె ఊహ, ఒకచోట ఉన్నది "నూటికి" అన్న వంద. ఆమె మూడింటికీ "య" పెట్టేసింది. 7,000 అనుకోమన్నాను, ఆ అంకె కనిపించిన ప్రతిచోటా చుట్టూ సున్నా చుట్టమన్నాను. 7000 + (7000 ÷ 100) × 2 × 10. రెండు సున్నాలు పడ్డాయి, రెండు "య"లు వచ్చాయి: య + (య ÷ 100) × 2 × 10 = 24000. అప్పటినుంచి మా క్లాసులో ఇది నియమం. ఊహించే అంకె లెక్కలో లేనిదై ఉండాలి, దాని చుట్టూ సున్నా ఉండాలి.

ఈ వడ్డీ లెక్కని వదలకుండా చేయించండి. నోటిలెక్క తప్పుదారి పట్టించే చోటు ఇది. చాలామంది 24,000 మీద పది నెలల వడ్డీ 4,800 లెక్కగట్టి, తీసేసి, 19,200 అంటారు. 19,200కి పది నెలల వడ్డీ 3,840. రెండూ కలిపితే 23,040 అవుతుంది కానీ 24,000 కాదు. వడ్డీ పడింది అసలు మీద, వచ్చిన మొత్తం మీద కాదు. అసలు 20,000. సమీకరణం లేకుండా తన డబ్బు లెక్కలో 800 రూపాయలు ఎటు పోయాయో ఆమెకి కనిపించలేదు. ఆ రోజు నుంచి ఆ క్లాసులో "ఇదంతా మాకెందుకు" అన్నవాళ్లు లేరు.

రెండోది, "=" గుర్తు. పెద్దవాళ్లకి అది "వచ్చింది" అనే మాట. అందుకే 3 × 20 = 60 + 40 = 100 అని ఒకే వరసలో లాక్కుపోతారు. 3 × 20 అంటే 60 + 40 కాదు కదా. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన ఈ గుర్తుని తన పుస్తకంలో వాడినప్పుడు, రెండు సమాంతర గీతలకంటే సమానమైనవి మరేవీ ఉండవని కారణం చెప్పాడు. త్రాసు బొమ్మ వేసి, ముల్లు నిలిచే చోట "=" రాయించండి. ఆ పక్క బరువు, ఈ పక్క బరువు ఒకటే కావాలి. ఒక వరసలో ఒకే "=" ఉండాలి. రెండోది కనిపిస్తే గీత కొట్టించండి.

మూడోది అన్నిటికంటే మొండిది. "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు" అన్నదాన్ని సమీకరణంగా రాయమనండి. వంటలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా "బ = 2 × న" అని రాస్తారు. వాక్యంలో మాటలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పెట్టేశారు. ఇది చదువు తక్కువైనందువల్ల జరిగేది కాదు. 1980ల తొలినాళ్లలో అచ్చయిన ఒక పరిశీలన కోసం అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకి ఇలాంటిదే ఇచ్చారు: ఒక్కో ప్రొఫెసర్‌కి ఆరుగురు విద్యార్థులు. మూడో వంతు కంటే ఎక్కువమంది తప్పు రాశారు, ఆ తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా తలకిందులుగా రాసినవే. ఈ సంగతి క్లాసులో తప్పక చెప్పండి, వాళ్లకి ఎంతో ఊరట.

దీనికి మందు కూడా మూడో మెట్టే. బియ్యం మూడు గ్లాసులు పోస్తే నీళ్లెన్ని? ఆరు. ఆ అంకెలు వాళ్లు రాసినదాంట్లో పెట్టించండి. 3 = 2 × 6. మూడు పన్నెండుకి సమానమా? అప్పుడు వాళ్లే తిప్పి రాస్తారు: నీళ్ల గ్లాసుల సంఖ్య = 2 × బియ్యం గ్లాసుల సంఖ్య. మీరు తప్పని చెప్పకండి. అంకెలే చెప్పాలి.

నాలుగోది, మొదటి ఊహే సరిపోవడం. జవాబు వచ్చేసిందని పుస్తకం మూసేస్తారు. అందుకే కావాలనే తప్పు అంకె అనుకోమనండి. జవాబు వచ్చినా రాకపోయినా సరిచూసిన తీరు మాత్రం ఒకటే.

ఇంకో మాట. మన భాష ఈ పనికి బాగా కలిసొస్తుంది. "వందకి పదిహేను తక్కువ" అంటే 100 − 15, మాట ఎలా వచ్చిందో గుర్తులూ అలాగే వస్తాయి. "దానికి రెండు రెట్లు కట్టి, నాలుగు కలిపితే" అన్నా అంతే. ఇంగ్లీషులో అదే మాట వెనకనుంచి ముందుకి నడుస్తుంది. కాబట్టి సమస్యని ఇంగ్లీషులో ఇచ్చి పక్కన తెలుగు అర్థం చెప్పకండి, మొదటినుంచీ తెలుగులోనే ఇవ్వండి. "ఒక్కో దానికి ఇన్ని" అని వచ్చినప్పుడు మాత్రం ఆగి అంకెలు పెట్టి చూడమనండి.

నాలుగో మెట్టు: సాధించడం

ఇది తేలిక. త్రాసులో రెండు పక్కలా ఒకేలా తీసేయించండి. 3 × య + 40 = 130. రెండు పక్కలా 40 తీస్తే 3 × య = 90. రెండు పక్కలా మూడు వాటాలు వేస్తే య = 30. "అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది" అన్న సూత్రం మాత్రం చెప్పకండి. ఎందుకు మారుతుందో తెలియకుండా గుర్తు మార్చినవాళ్లు పరీక్షలో గుణకారాన్ని కూడా తీసివేత చేసేస్తారు. వచ్చిన జవాబుని మొదటి వాక్యంలో పెట్టి చూపించమనండి: మూడు ముప్పైలు తొంభై, కొబ్బరికాయ నలభై, నూట ముప్పై.

ఐదో మెట్టు: వాళ్ల లెక్క వాళ్లే తేవాలి

రెండో వారం నుంచి మీరు సమస్య ఇవ్వకండి. మా క్లాసులో ఒక ఆటో అన్న తెచ్చింది ఇది: బండి కిరాయి రోజుకి 350, గ్యాస్ 250, ఇంటికి 800 పట్టుకెళ్లాలి, ట్రిప్పుకి 70 వస్తే ఎన్ని ట్రిప్పులు వేయాలి? ముందు 13 ట్రిప్పులు అనుకున్నాడు. 70 × 13 − 350 − 250 అని రాసి, పదమూడు చుట్టూ సున్నా చుట్టి, చాలదన్నాడు. కింద 70 × య − 350 − 250 = 800 అని రాశాడు. య = 20. తర్వాత కిరాయి 400 అయితే ఏమవుతుందని తనే మార్చి రాసుకున్నాడు. 70 × య = 1450 వచ్చింది, ఇరవై ట్రిప్పులు చాలవు, ఇరవై ఒకటి వేయాలి. సగం ట్రిప్పు ఉండదు కాబట్టి పైకే వెళ్లాలని కూడా తనే చెప్పాడు.

పరీక్షకి నెల ముందు "య" చోట ఎక్స్ రాయించడం మొదలుపెట్టండి. ఒక సాయంత్రం చాలు. పాత నోటు పుస్తకంలో సొంత లెక్కలు పదింటిని తీసి, అక్షరం ఒక్కటే మార్చి తిరగరాయించండి. "ఎక్స్ = ట్రిప్పుల సంఖ్య" అన్న వాక్యం మాత్రం మార్చకుండా పైన అలాగే ఉంచాలి.